తాటికల్లులోని ఈస్టును వేరుచేసే ప్రాజెక్టు: అనుభవం ఉన్నవారు చెప్పగలరు

నల్గొండ_బీఎస్సీ
చివరి సంవత్సరం ప్రాజెక్టుగా తాటికల్లులోని ఈస్టును వేరుచేసి, అది ఎంత వేడిని తట్టుకుంటుందో చూడాలనుకుంటున్నాము. మా కళాశాలలో ఆటోక్లేవు, మైక్రోస్కోపు, మామూలు ఇంక్యుబేటరు ఉన్నాయి కానీ పీసీఆర్ (డీఎన్ఏ నకళ్లు తీసి జాతిని గుర్తించే) యంత్రం లేదు. నమూనా ఎక్కడ తీసుకోవాలి? వచ్చినది ఈస్టేనని ఎలా నిర్ధారించుకోవాలి?

మునుగోడు_గీత
మాది తాళ్లు గీసే కుటుంబం కనుక నమూనా సంగతి నేను చెబుతాను. పొద్దున లొట్టి (కల్లు కుండ) దించగానే తాటిచెట్టు కిందనే పట్టుకోండి. దుకాణం చేరిన కల్లులో నీళ్లు, సాక్రిన్ మొదలుకొని మత్తుమందుల దాకా ఏవి కలుస్తాయో చెప్పలేము, మన జిల్లాల్లో అది కొత్త సంగతి కాదు. లోపల సున్నం పూసిన లొట్టి మీకు పనికిరాదు. అందులో పట్టేది నీరా, అంటే పులియని తీపి రసం, అది పొంగకూడదనే సున్నం పూస్తారు. పాత లొట్టి అడుగున మిగిలిన మడ్డి వల్లనే మరునాటి కల్లు తొందరగా పొంగుతుంది కాబట్టి, కల్లుతో పాటు ఆ మడ్డిని కూడా కొంచెం అడిగి తీసుకోండి.

పాలమూరు_అధ్యాపకుడు
గీత గారు చెప్పిన మడ్డి మాట చాలా విలువైనది, కణాలు ఎక్కువగా ఉండేది అక్కడే. నమూనాను స్టెరైల్ సీసాలో పట్టి, ఐస్ డబ్బాలో పెట్టి అదే రోజు ప్లేటింగ్ చేయండి (పళ్లెంలోని మాధ్యమం మీద పరచండి). ఆలస్యమైతే పులియడం దారిలోనే సాగిపోతుంది.

మాధ్యమంగా, అంటే ఈస్టును పెంచే ఆహారంగా, వైపీడీ చాలు: ఈస్టు ఎక్స్‌ట్రాక్టు 1 శాతం, పెప్టోన్ 2 శాతం, గ్లూకోజు 2 శాతం. అందులో లీటరుకు 100 మిల్లీగ్రాముల క్లోరాంఫెనికాల్ కలపండి. అది బ్యాక్టీరియా రైబోజోములను (ప్రోటీన్లు తయారుచేసే భాగాలను) అడ్డుకుంటుంది కానీ ఈస్టు కణద్రవ్యంలోని రైబోజోముల జోలికి పోదు. కణానికి శక్తినిచ్చే మైటోకాండ్రియా రైబోజోములను మాత్రం అడ్డుకోగలదు, అందుచేత గ్లూకోజుకు బదులు, మైటోకాండ్రియా పనిచేస్తేనే వాడుకోగలిగే గ్లిసరాల్ వాడితే అదే ఈస్టు పెరగక మొరాయించవచ్చు.

ఆల్కహాలు వాసన వచ్చినంత మాత్రాన ఈస్టు అనుకోవద్దు. కల్లులో జైమోమోనాస్ మొబిలిస్ అనే బ్యాక్టీరియా కూడా ఉంటుంది, గ్లూకోజును అదీ ఆల్కహాలుగానే మారుస్తుంది. మైక్రోస్కోపులో తేడా తెలిసిపోతుంది: బ్యాక్టీరియా సన్నని కడ్డీ, ఈస్టు అంతకంటే బాగా పెద్దదైన కోడిగుడ్డు ఆకారపు కణం, దాని పక్కన చిన్న మొగ్గ. మిథిలీన్ బ్లూ వేస్తే చచ్చిన కణాలు నీలంగా ఉండిపోతాయి, బతికినవి రంగును పోగొట్టుకొని తెల్లగా కనబడతాయి.

పీసీఆర్ లేనివారికి ఇంకొక దారి ఉంది. నత్రజని కోసం లైసీన్ ఒక్కటే ఉన్న మాధ్యమం మీద రొట్టెకు, సారాకు వాడే మామూలు ఈస్టు శాకరోమైసిస్ సెరెవిసియే పెరగదు, అడవి ఈస్టుల్లో చాలావరకు పెరుగుతాయి. ఒకే కాలనీని మళ్లీ మళ్లీ గీతలు గీసి శుద్ధి చేయకుండా ఈ పరీక్షకు దిగితే ఫలితం ఏదీ నమ్మదగ్గది కాదు.

నల్గొండ_బీఎస్సీ
ధన్యవాదాలు సార్. ఆల్కహాలును కొలిచే పరికరం కూడా మా వద్ద లేదు.

బ్రూవరీ_షిఫ్టు
తక్కెడ ఉంటే చాలు. 180 గ్రాముల గ్లూకోజు పూర్తిగా పులిస్తే 92 గ్రాముల ఆల్కహాలు, 88 గ్రాముల కార్బన్ డయాక్సైడు వస్తాయి. ఫ్లాస్కు బిరడాలోంచి సెలైన్ గొట్టం నీళ్లలోకి దింపి, రోజూ ఫ్లాస్కును తూచి, తగ్గిన బరువును, అంటే బయటికి పోయిన కార్బన్ డయాక్సైడును, బట్టి ఆల్కహాలును లెక్కవేయండి. ఎండాకాలంలో నీరు ఆవిరవుతుంది కనుక ఈస్టు వేయని ఫ్లాస్కు ఒకటి పక్కన పెట్టి, దాని తగ్గుదలను తీసివేయాలి.

అయితే వేడిని తట్టుకునే ఈస్టు బీరుకు పనికొస్తుందని రాయకండి. లాగర్ రకం బీరు చేసే ఈస్టు 8 నుంచి 14 డిగ్రీల దగ్గరే నిదానంగా పనిచేస్తుంది. అది సెరెవిసియేకు, చలికి అలవాటుపడిన శాకరోమైసిస్ యూబయానస్‌కు పుట్టిన సంకరం. వేడిలో పులిస్తే బీరులో అనవసరపు వాసనలు పెరుగుతాయి.

దేవరకొండ_పరిశోధన
బీరు సంగతి నిజమే కానీ, బెల్లపు మడ్డి నుంచి ఇథనాల్ తీసేవారికి వేడిని ఓర్చే ఈస్టు నిజంగా అవసరం, ఎందుకంటే పులిసేటప్పుడు పుట్టే వేడిని తగ్గించడానికి వారికి చల్లని నీటి ఖర్చు చాలా ఉంటుంది. నివేదికలో ఆ కోణం రాయండి.

వేడితోనే కణ జీవశాస్త్రంలో ఒక పెద్ద సంగతి తెలిసింది. లీలాండ్ హార్ట్‌వెల్ 23 డిగ్రీల దగ్గర పెరిగి, 36 డిగ్రీల దగ్గర విభజన ఆగిపోయే ఈస్టు ఉత్పరివర్తనాలను (జన్యువు మారిన రకాలను) వెతికారు. కణాలన్నీ ఒకే సైజు మొగ్గతో ఆగిపోతే, చెడిన జన్యువు కణచక్రంలో ఏ దశలో అవసరమో ఆ మొగ్గే చెబుతుంది. 2001 నోబెల్ ఆ పనికే వచ్చింది. మీరు 30, 37, 40 డిగ్రీల దగ్గర పెంచేటప్పుడు బరువుతో పాటు, మొగ్గలున్న కణాలు నూటికి ఎన్నో కూడా లెక్కపెట్టండి, ఖర్చేమీ లేదు.

నల్గొండ_బీఎస్సీ
హైదరాబాదులోని శాంతా బయోటెక్నిక్స్ 1997లో ఈస్టుతో హెపటైటిస్ బి టీకా తెచ్చిందని చదివాము. కల్లు ఈస్టుతోనూ అలాంటి పని సాధ్యమా?

దేవరకొండ_పరిశోధన
వారు వాడినది పిచియా పాస్టోరిస్, మిథనాల్ మీద పెరగగలిగే వేరే ఈస్టు. డిగ్రీ ప్రాజెక్టులో ఆ దిక్కుకు పోకండి.

పాలమూరు_అధ్యాపకుడు
ఒక జాగ్రత్త చెప్పడం మరిచాను. మామూలు ఇంక్యుబేటరు వేడి చేస్తుందే తప్ప చల్లబరచలేదు, మే నెలలో మన గది ఉష్ణోగ్రతే 40 దాటితే మీ 30 డిగ్రీల ప్లేటు ఉత్తమాటే. చల్లబరచగల బీఓడీ ఇంక్యుబేటరు దొరకకపోతే పనిని డిసెంబరు, జనవరిలో పెట్టుకోండి. శుద్ధి చేసిన కాలనీలను స్లాంటుల (గొట్టాల్లో ఏటవాలుగా గడ్డకట్టించిన మాధ్యమం) మీద పెంచి, పైన స్టెరైల్ లిక్విడ్ పారఫిన్ పోసి ఉంచితే, కరెంటు పోయి ఫ్రిజ్ ఆగినా అవి ఎండిపోవు.