స్విమ్‌సూట్ ఫొటోల్లో చర్మం బూడిద రంగుకు తిరుగుతోంది. మ్యాగజైన్ల వాళ్లు ఏం చేస్తారు?

హనుమకొండ_క్లిక్:

అందరికీ నమస్తే. హనుమకొండలో ఎనిమిదేళ్లుగా పెళ్లి ఫొటోలు తీస్తున్నాను. ఆ పని వచ్చు, దానికి ఢోకా లేదు. ఇప్పుడు అడిగేది వేరే.

పోయిన ఏడాది హైదరాబాద్ వెళ్లినప్పుడు ఆబిడ్స్‌లో ఆదివారం పాత పుస్తకాల దగ్గర విదేశీ ఫ్యాషన్ మ్యాగజైన్ల కట్ట ఒకటి దొరికింది. అందులో ఒక స్విమ్‌సూట్ ఫొటో దగ్గర ఆగిపోయాను. నల్లటి మోడల్, గోధుమ రంగు సాదా వన్‌పీస్, తడి బండ మీద కూర్చుని పక్కకు చూస్తోంది. అంతే. కానీ భుజం మీద నీటి చుక్కలు ఒక్కొక్కటీ విడిగా లెక్కపెట్టొచ్చు. గుడ్డ నేత కనిపిస్తోంది. మోకాలి మీద పాత దెబ్బ మచ్చ కూడా ఉంది. మా పెళ్లి ఫొటోలో పట్టుచీర ఉంటుంది, వడ్డాణం ఉంటుంది, పూలజడ ఉంటుంది, చూడటానికి బోలెడు. ఇక్కడ అవేవీ లేవు, అయినా కళ్లు తిప్పుకోలేకపోయాను.

పోయిన నెల, ఏప్రిల్‌లో, మంచిర్యాల అమ్మాయి ఒకామె పోర్ట్‌ఫోలియో తీయమని వచ్చింది. 24 ఏళ్లు. ఇంతకుముందు ఈత పోటీలకు వెళ్లేది, ఇప్పుడు మోడలింగ్ ప్రయత్నాల్లో ఉంది. స్విమ్‌సూట్ ఫొటోలు కూడా కావాలంది. ధర్మసాగర్ వైపు తెలిసినవాళ్ల ఫామ్‌హౌస్‌లో పూల్ ఉంటే అక్కడ తీశాను. పొద్దున పదకొండు గంటలు, 85 ఎంఎం లెన్స్, ఐఎస్‌ఓ 100, ఎఫ్ 2.8, షట్టర్ 1/3200.

కంప్యూటర్‌లో చూస్తే గుండె జారిపోయింది. కళ్ల కింద నల్లటి గుంతలు. గడ్డం కింద ఆకుపచ్చ. నుదుటి మీద తెల్ల మచ్చలు. చామనఛాయ మనిషి, ఎడిటింగ్‌లో షాడోస్ (నీడ భాగాలు) వెలుగులోకి లాగితే ఒళ్లంతా బూడిద పూసినట్టు అయింది. ఎర్ర కాస్ట్యూమ్ తడిసేసరికి ఎండిన నెత్తురు రంగులోకి పోయింది. ఆమె చూసి మెల్లగా ఒకే మాట అంది, "అన్నా, ఇది నేను కాదు." ఆ మాట ఇంకా చెవుల్లోనే ఉంది.

డబ్బులు తీసుకోలేదు, మళ్లీ తీసిస్తానన్నాను. ఇలాంటి ఫొటోల గురించి అడగ్గానే మా దగ్గర కొందరు కన్ను కొడతారు. నాకు పని గురించిన మాటే కావాలి. తెలిసినవాళ్లు చెప్పండి.

*

పాత_నెగెటివ్:

తమ్మీ, టైమ్ చదవగానే సగం అర్థమైంది. ఏప్రిల్‌లో మన దగ్గర పదకొండుకే సూర్యుడు నెత్తికెక్కుతాడు. కళ్లు గుంతల్లోకి పోతాయి, ముక్కు నీడ పెదవి మీద పడుతుంది. కింద పూల్ నీళ్ల మీంచి లేచే వెలుగు గడ్డానికి పచ్చదనం పూసింది. పైనుంచి తెలుపు, కిందినుంచి పచ్చ. ఒకే ముఖం మీద ఈ రెండూ పడ్డాక తర్వాత విడదీయడం చాలా కష్టం.

నేను 1988లో వరంగల్ నుంచి బొంబాయి పోయి పద్నాలుగేళ్లు ఫ్యాషన్ ఫొటోగ్రాఫర్ల దగ్గర అసిస్టెంటుగా చేశాను. రిఫ్లెక్టర్ పట్టడం, ఫిల్మ్ ఎక్కించడం, వెలుగు కొలిచే మీటర్ చదవడం. స్విమ్‌వేర్ షూట్ అంటే రాత్రి నాలుగున్నరకే లేచేవాళ్లం. పొద్దున ఆరు నుంచి ఎనిమిది, మళ్లీ సాయంత్రం ఐదు దాటాక. మధ్యలో అందరూ పడుకునేవాళ్లు, నేను లెన్సుల మీది ఇసుక బ్రష్‌తో దులుపుతూ కూర్చునేవాణ్ని. అప్పుడు స్లైడ్ ఫిల్మ్. వెలుగు కొలత అర స్టాపు తప్పినా రంగు చెడేది, ఇంటికొచ్చి సరిచేసుకునే దారి లేదు. అందుకే ఒకే పోజును మూడు ఎక్స్‌పోజర్లలో తీసేవాళ్లు.

మామూలు ఫ్యాషన్ ఫొటోలో గుడ్డ మడతలే ఒంటి తీరును చెప్తాయి. స్విమ్‌సూట్‌కు మడతలుండవు. ఆ పని వెలుగు చేయాలి. పైగా చర్మం, తడిసిన గుడ్డ, నీళ్లు, ఈ మూడూ వెలుగును మూడు తీర్లుగా తిప్పి పంపుతాయి. మూడింటినీ ఒక ఫ్రేములో పొత్తు కుదర్చడం ఫ్యాషన్ ఫొటోగ్రఫీలో అన్నింటికన్నా కష్టమని నేను ఇప్పటికీ అంటాను.

నీ బూడిద రంగు సంగతి. ఫ్రేములో సగం మెరిసే నీళ్లుంటే కెమెరా మీటరు మొత్తం ఫొటో వెలుగును తగ్గించేస్తుంది. అమ్మాయి ఛాయ చీకట్లోకి పోతుంది. తర్వాత షాడోస్ లాగితే వెలుగు వస్తుంది గానీ రంగు రాదు. ముఖం దగ్గర గ్రే కార్డు (వెలుగు కొలవడానికి వాడే బూడిద రంగు అట్ట) పెట్టి దాని మీదే మీటర్ చదువు, నీళ్లు ఏమైనా కానీ. ఎఫ్ 2.8 కూడా ఎందుకు? గుడ్డ నేత కనిపించిందని అంత మురిసిపోయావు కదా, ఎఫ్ 5.6 పెట్టు, ఫోకస్‌లో ఎక్కువ భాగం వస్తుంది.

ఇక నల్ల చర్మానికి వెలుగు పెట్టడం. అది నాకు బొంబాయిలో అబ్బలేదు, పాలంపేటలో అబ్బింది. సెలవు మీద వచ్చి ఒకసారి పొద్దున్నే రామప్ప గుడికి పోయాను. 1213 నాటి గుడి. గోడలు ఎర్రరాయి, చూరు కింద మదనికలు అనే ఆడబొమ్మలు మాత్రం నల్లరాయి, అద్దంలా నునుపు. తూర్పు వాకిట్లో నిలబడితే ఎండ ఏటవాలుగా వచ్చి తగిలింది. ఒక బొమ్మ నడుము మీంచి తొడ మీదికి సన్నటి తెల్లగీత పరుగెత్తింది. మోచేతి మీద ఇంకొకటి. మిగతా ఒళ్లంతా నల్లగానే ఉంది, అయినా ఒక్క ఒంపు కూడా మాయం కాలేదు. పన్నెండింటికి మళ్లీ చూశాను. అదే బొమ్మ చూరు నీడలో చదునుగా ఉంది. ఆ చెక్కినవాళ్లు నల్లరాయిని ఎందుకు ఎంచుకున్నారో, అంత నునుపు ఎందుకు చేశారో ఆ ఒక్క పూటలో నాకు తెలిసొచ్చింది. నల్లని ఒంటిని తెల్లగా చేయనక్కర్లేదు, దాని అంచున మెరుపు పెడితే చాలు.

కాబట్టి సూర్యుణ్ని ఆమె భుజం వెనక్కి, పక్కకు పెట్టు. ముందు నాలుగడుగుల థర్మాకోల్ షీటు. వెండి రిఫ్లెక్టర్ వద్దు, కళ్లలో పొడుస్తుంది, చర్మం మీద చిల్లర మచ్చలు వేస్తుంది. వెలుగొచ్చే చోటు ఎంత పెద్దదైతే మెరుపు అంత మెత్తగా పరుచుకుంటుంది. ఎండ పెరిగితే స్కిమ్మర్, అంటే ఎండను మెత్తబరిచే తెర, కట్టు. పీవీసీ పైపులతో ఆరడుగుల చట్రం, దాని మీద ఉతికిన తెల్ల పంచె, అంతే. చుక్కలు నిలవాలంటే నీళ్లలో గ్లిజరిన్ కలిపి స్ప్రే కొట్టు. ఉత్త నీళ్లు రెండు నిమిషాల్లో జారిపోతాయి. పోలరైజర్ (మెరుపు తగ్గించే లెన్స్ ఫిల్టర్) ఉంటే కంటితో చూసుకుంటూ తిప్పు. నీటి మీది తెల్లదనం పోతే పూల్ అడుగు కనిపిస్తుంది, కానీ పూర్తిగా తిప్పావంటే తడి ఒంటి మెరుపునూ మింగేస్తుంది. సగంలో ఆపు.

సముద్రం లేదని దిగులు వద్దు. 1930లో హోయినింగెన్-హ్యూన్ అనే ఆయన వోగ్ అనే ఫ్యాషన్ పత్రిక కోసం ఒక ఫొటో తీశాడు. స్విమ్‌సూట్లలో ఒక ఆడ, ఒక మగ మనకు వీపు పెట్టి కూర్చుని దూరంగా సముద్రం వైపు చూస్తున్నట్టుంటుంది. అక్కడ సముద్రమే లేదు. పారిస్‌లో వోగ్ స్టూడియో బంగ్లా (డాబా) మీద తీశాడు, వెనకాలది మసకగా వదిలేశాడు. మన కళ్లే అక్కడ నీళ్లు పోసుకుంటాయి. వరంగల్‌లో బంగ్లా లేని ఇల్లెక్కడుంది తమ్మీ?

1932 జూలైలో వోగ్ మొదటిసారి రంగు ఫొటోను కవర్ మీద వేసింది. ఎడ్వర్డ్ స్టైకెన్ అనే ఫొటోగ్రాఫర్ తీసింది. ఎర్ర స్విమ్‌సూట్, నెత్తి మీదికి ఎత్తిన బంతి. తొంభై ఏళ్లు దాటినా ఆ ఎర్ర ఇంకా కొత్తగానే ఉంటుంది. నీ ఎర్ర చచ్చిపోవడానికి కారణం గుడ్డ తడవడం. తడిస్తే ఏ రంగైనా ఒక మెట్టు ముదురుతుంది. ఎర్ర ఫొటోలు పొడిగా ఉన్నప్పుడే తీసెయ్, తడిపేవి చివర్లో.

ఒక్క మాట గట్టిగా చెప్తున్నా. పెళ్లి ఆల్బమ్‌లో "తెల్లగా చెయ్యండి" అనగానే మనం చర్మం నునుపు చేసే బటన్ నొక్కుతాం. ఇక్కడ దాని జోలికి పోవద్దు. నిన్ను ఆపిన ఆ ఫొటోలో మోకాలి మచ్చ ఉంది కదా, గుర్తు పెట్టుకో.

*

లేన్_నాలుగు:

అన్నా, నేను కరీంనగర్. ఇంటర్ దాకా పోటీల్లో ఈదాను, ఇప్పుడు హైదరాబాద్‌లో ఉంటూ స్విమ్‌వేర్ కేటలాగులకు మోడలింగ్ చేస్తున్నాను. లైట్ గురించి పెద్దాయన చెప్పారు, లెన్స్‌కు ఇవతల సంగతులు నేను చెప్తాను.

షూట్ రోజు బిగుతు బట్టలు వేసుకుని రావొద్దని ఆమెకు ముందే చెప్పండి. జీన్స్ నడుము, సాక్సు లాస్టిక్, వాచీ బెల్టు గుర్తులు పోవడానికి గంట, గంటన్నర పడుతుంది. వదులు కాటన్ నైటీ వేసుకుని రమ్మనండి. కాస్ట్యూమ్ రెండు సైజులు తెప్పించండి. వదులైతే వెనకాల బట్టల క్లిప్పులు పెట్టి లాగొచ్చు, బిగుతైతే ఏమీ చేయలేం. అంచులు లేవకుండా రెండు వైపులా అంటుకునే టేప్ ఉంటుంది. పొద్దున ఆరింటికి నీళ్లు చల్లగా ఉంటాయి, ఒళ్లు గగుర్పొడిస్తే ఏ లైటూ కాపాడదు. నీళ్లలోంచి రాగానే కప్పడానికి మందపాటి టవల్ గౌను, ఫ్లాస్కులో వేడి టీ ఉండాలి.

అన్నింటికన్నా ముఖ్యం, అక్కడ ఎవరెవరున్నారు? మొదటి షూట్‌లో మీతో ఎంతమంది ఉన్నారో మీరు రాయలేదు. నా మొదటి షూట్‌లో పూల్ యజమాని స్నేహితులు ముగ్గురు కుర్చీలు వేసుకుని కూర్చున్నారు. ఒకాయన ఫోన్ ఎత్తాడు. ఆ రోజు ఫొటోలన్నింట్లో నా భుజాలు చెవుల దాకా ఉన్నాయి. నాకు తెలియకుండానే ఒళ్లు బిగుసుకుపోయింది. మీరు, ఒక అసిస్టెంటు, ఆమె వెంట వచ్చిన అక్కో స్నేహితురాలో, అంతమందే ఉండాలి. లక్నవరం, పాకాల లాంటి జనం తిరిగే చోట్లు ఆలోచించకండి. ఏ ఫొటో ఎక్కడ వాడతారో రాసి సంతకాలు చేసుకోండి. ప్రతి పది ఫొటోలకు కెమెరా తెర ఆమెకు చూపించండి. తనెలా కనిపిస్తోందో తెలిస్తే మనిషి వదులవుతుంది.

"ఇది నేను కాదు" అందంటే ఆమెకు తనెవరో బాగా తెలుసు. ఈతగత్తె కదా, భుజాలు విశాలంగా ఉంటాయి. పెళ్లికూతుళ్లకు చెప్పినట్టు తల వంచు, నడుము ఒంచు అనకండి. గట్టు మీద డైవ్‌కు నిలబడమనండి చాలు.

*

పుస్తకాల_పురుగు:

రిటైర్డ్ లెక్చరర్ని, ఫొటోగ్రఫీ తెలియదు. అయినా ఒక సందేహం ముందు పెడుతున్నాను. స్పోర్ట్స్ ఇల్లస్ట్రేటెడ్ అనే అమెరికా ఆటల పత్రిక 1964 జనవరిలో స్విమ్‌సూట్ ఫొటోలు మొదలుపెట్టింది చలికాలంలో పెద్ద ఆటలు లేని వారాలు నింపడానికి. మన దేశంలో 2003 నుంచి వచ్చిన కింగ్‌ఫిషర్ బీరు కంపెనీ స్విమ్‌సూట్ క్యాలెండర్ ఆ కంపెనీ పేరు నలుగురి నోళ్లలో నానడానికి. ఆ పేజీలు తిప్పినవాళ్లలో చాలామంది వెలుగు కోసం తిప్పలేదు. కళ అనే మాటతో ఆ సంగతి కప్పిపెట్టవద్దని నా మనవి.

*

లేన్_నాలుగు:

సార్, కప్పిపెట్టడం లేదు. చూసేవాళ్ల చూపు ఎలాంటిదో మాకంటే ఎవరికి తెలుస్తుంది? కానీ అవే పేజీలను ముప్పై ఏళ్ల దాకా నడిపిన ఎడిటర్ ఒక మహిళ, జూల్ క్యాంప్‌బెల్. ఫొటో పక్కన మోడల్ పేరు అచ్చువేయించింది ఆమే. పేరుంటే అది ఒక మనిషి ఫొటో అవుతుంది. 1966లో షర్మిలా టాగోర్ ఫిలింఫేర్ కవర్ మీద బికినీలో కనిపించినప్పుడు ఎంత గొడవ జరిగిందో మీకు గుర్తుండే ఉంటుంది. ఆ ఫొటో ఇప్పుడు చూడండి. నాకైతే వెనక్కి తగ్గని ముఖం కనిపిస్తుంది. వెలుగు బాగా పెడితే ముఖం ముందు కనిపిస్తుంది సార్. చెడుగా పెడితే ఒళ్లే మిగులుతుంది. అందుకే నాకు ఈ పని తెలిసిన ఫొటోగ్రాఫర్లు కావాలి.

*

పుస్తకాల_పురుగు:

పేరు సంగతి నేను ఆలోచించలేదమ్మా. ఆ మాట ఒప్పుకుంటున్నాను.

*

హనుమకొండ_క్లిక్:

నిన్న మళ్లీ తీశాం. అదే పూల్. ముందు రోజు సాయంత్రమే మా నాన్న పంచెతో స్కిమ్మర్ కట్టిపెట్టాను. ఎందుకని అమ్మ అడిగితే పని చెప్పాను, తనే ఇస్త్రీ చేసిచ్చింది. ఆమె వాళ్ల అక్కతో వచ్చింది. నాతో ఒక్క అసిస్టెంటు. అక్కా, మీరడిగారు కాబట్టి చెప్తున్నా, మొదటిసారి వాచ్‌మన్, తోటమాలి, మా ఇద్దరు కుర్రాళ్లు అక్కడే ఉన్నారు. ఆమె ఏమీ అనలేదు, నాకు తోచనూ లేదు. తప్పు నాదే.

ఆరుంబావుకు మొదలుపెట్టి ఎనిమిదిలోపు ఆపేశాం. ఎర్రవి ముందు, పొడిగా. తర్వాత ముదురు నీలం కాస్ట్యూమ్‌తో తడివి. డైవ్‌కు నిలబడమన్నాను. చేతులు వెనక్కి లాగి, మునివేళ్లు గట్టు అంచున బిగించి, నీళ్లకేసి చూసింది. అప్పుడే తూర్పు ఎండ భుజం వెనకనుంచి మోచేతి దాకా గీత గీసింది. అన్నా, మీరు చెప్పిన మదనిక నా ఫ్రేములో నిలబడింది. చేతులు వణికి మొదటి రెండు ఫొటోలు కదిలిపోయాయి, మూడోది దక్కింది. చర్మం ఉన్నది ఉన్నట్టే ఉంది. ఎడమ భుజం మీద చిన్నప్పటి టీకా మచ్చ ఉంది, దాన్ని ముట్టుకోలేదు.

తెర మీద చూపిస్తే చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, "రెండో లేన్ గట్టు మీద నేను ఇట్లనే నిలబడేదాన్ని" అంది. వాళ్ల అక్క ఆ ఫొటోను తన ఫోన్‌తో ఫొటో తీసి మంచిర్యాలలో అమ్మకు పంపింది.

ఇప్పుడు పోర్ట్‌ఫోలియోకు పన్నెండు బై పద్దెనిమిది అంగుళాల ప్రింట్లు వేయాలి. మ్యాట్ పేపరా, గ్లాసీనా?

*

పాత_నెగెటివ్:

లస్టర్ వేయించు తమ్మీ, ఆ రెండింటికీ మధ్యరకం పేపర్. మ్యాట్‌లో నలుపు పలచబడి మళ్లీ నీ బూడిదే తిరిగొస్తుంది. గ్లాసీలో నలుపు దిగుతుంది గానీ ఆఫీసు ట్యూబ్‌లైట్ కింద ఆల్బమ్ తిప్పేవాళ్లకు మెరుపు కళ్లలో కొడుతుంది. ముందు ఆ డైవ్ ఫొటో ఒక్కటే ఎనిమిది బై పన్నెండు టెస్ట్ ప్రింట్ తీయించి, పగటి వెలుగులో కిటికీ దగ్గర పెట్టి చూడు. ల్యాబ్‌లో "ఆటో కరెక్షన్ వద్దు" అని రాసివ్వు, లేకపోతే వాళ్లే తెల్లగా చేసేస్తారు.