రక్తనాళాల పొర గ్యాస్ వదులుతుందట. మరి బీపీ మాత్ర మానేయొచ్చా?

పాలకొల్లు_మాస్టారు: మా వీధిలో ఒకాయన రోజూ బీట్‌రూట్ రసం తాగుతూ బీపీ మాత్రలు మానేశాడు. నైట్రిక్ ఆక్సైడ్ ఉంటే మాత్రలెందుకంటాడు. రక్తనాళం లోపల ఒక్క కణం మందాన పొర ఉంటుంది, ఎండోథీలియం. రక్తం ఒరుసుకుంటూ పారేకొద్దీ అది నైట్రిక్ ఆక్సైడ్ గ్యాస్ వదులుతుంది. చుట్టూ ఉన్న కండరం సడలి నాళం వెడల్పవుతుంది. ఇంతవరకు నిజమే. మాత్ర మానడమే తప్పంటాను.

చెరువుగట్టు_రాజు: రక్తంలో గ్యాసేంటండీ? సిరంజిలో బుడగ కనబడితేనే నర్సమ్మ తట్టి తీసేస్తుంది.

పాలకొల్లు_మాస్టారు: బుడగ కాదండీ, కరిగి ఉంటుంది. కొన్ని సెకన్లలో మాయం. 1980లో అమెరికాలో ఫర్చ్‌గాట్ అనే శాస్త్రవేత్త కుందేలు ధమని ముక్కల మీద ఎసిటైల్‌కోలిన్ అనే రసాయనం వేస్తే కొన్ని సడలాయి, కొన్ని సడలలేదు. చూస్తే సడలని వాటికి లోపలి పొర గీరుకుపోయి ఉంది! సడలించేది ఆ పొర నుంచే వస్తోందని అలా తెలిసింది. అది ఈ గ్యాసేనని తేలడానికి ఇంకొన్నేళ్లు పట్టింది. 1998లో ఆయనకు, ఇగ్నారోకు, మురాద్‌కు కలిపి నోబెల్ ఇచ్చారు.

కొబ్బరితోట: ఆర్నెల్లుగా ఆ రసం తాగుతున్నా. బీపీలో పైది 150 నుంచి 138కి దిగింది. నోబెల్ నాకెందుకు?

లంక_సిస్టర్: బీట్‌రూట్, తోటకూరల దారి వేరండీ. వాటిలోని నైట్రేట్‌ను నాలుక మీది బ్యాక్టీరియా నైట్రైట్‌గా మారుస్తుంది, లోపలికెళ్లాక అది నైట్రిక్ ఆక్సైడ్ అవుతుంది. కొంచెం తగ్గుతుంది, కాదనను. కానీ ఆ పొరే ఎండోథీలిన్ అని నాళాన్ని బిగించేది కూడా వదులుతుంది. జపాన్ వాళ్లు 1988లో కనుక్కున్నారు. చుట్టలు, షుగరు పొరను పాడుచేస్తే బిగించేదానిదే పైచేయి. మాత్ర మీ అంతట మీరు మానకండి.

చెరువుగట్టు_రాజు: గ్యాస్ అన్న మాట తీసేయండి ముందు.

పాలకొల్లు_మాస్టారు: వాయువు అనమంటారా?

చెరువుగట్టు_రాజు: అదీ వద్దు.

పాలకొల్లు_మాస్టారు: మీకు సైన్సు చెప్పడం కంటే మీ చెరువులో రొయ్యలకు చెప్పడం తేలిక.

చెరువుగట్టు_రాజు: చెప్పుకోండి. మా నాన్నకి తెల్లారగట్ల ఛాతీ పట్టేసింది. ఎడమ చెయ్యి లాగేస్తోందన్నాడు, బనీను తడిసి ఒంటికంటుకుపోయింది. ఊళ్లో మందులిచ్చే ఆయన వచ్చి గ్యాసే అన్నాడు. కొట్టుకెళ్లి గోలీసోడా కొట్టించి తెచ్చింది నేను. రెండు గుక్కలు తాగాడు. భీమవరం తీసుకెళ్లేసరికి అయిపోయింది. మీరు గుండె పక్కన గ్యాస్ అని రాస్తే మా ఊళ్లో ఇంకోడు సోడా కోసం పరిగెడతాడు.

కొబ్బరితోట: అయ్యో.

లంక_సిస్టర్: రాజుగారూ, అలాంటి నొప్పికి వెంటనే 108కి ఫోన్ చేయాలి. గుండె నొప్పికి నాలుక కింద పెట్టే సార్బిట్రేట్ మాత్ర కూడా నైట్రిక్ ఆక్సైడ్‌గా మారి పనిచేస్తుంది. అయినా డాక్టరు రాసిస్తేనే వాడాలి.

పాలకొల్లు_మాస్టారు: రొయ్యల మాట వెనక్కి తీసుకుంటున్నానండీ. గ్యాస్ బదులు ఇకమీద నైట్రిక్ ఆక్సైడ్ అనే రాస్తాను.

చెరువుగట్టు_రాజు: సరే. మీ వీధి ఆయన మాత్ర వేసుకుంటున్నాడా ఇంతకీ?

పాలకొల్లు_మాస్టారు: వీధి ఆయన కాదు, మా అన్నయ్య. కుందేలు సంగతి చెబుతుంటే కునికిపాట్లు పడ్డాడు.

చెరువుగట్టు_రాజు: ఆదివారం పాలకొల్లు వస్తున్నా. సోడా సంగతి నేను చెబుతా.