విదేశాల్లో ఉన్న మనవాళ్లకు పార్లమెంటులో వేరే సీట్లు ఉండాలా?

మక్తల్ యువకుడు:
మా తమ్ముడు కువైట్‌లో డ్రైవర్. 2024 లోక్‌సభ ఎన్నికలప్పుడు "అన్నా, నేను ఓటెట్లా వేయాలి?" అని అడిగాడు. చట్టంలో హక్కయితే ఉంది. వేరే దేశ పౌరసత్వం తీసుకోని ప్రవాసులు పాస్‌పోర్టులో ఉన్న ఊరిలోనే ఓటరుగా చేరొచ్చని 2010లో ప్రజాప్రాతినిధ్య చట్టాన్ని సవరించారు. ఫారం 6ఏ నింపాలి. కానీ ఓటు వేయాలంటే పాస్‌పోర్టు పట్టుకొని మక్తల్ పోలింగ్ కేంద్రానికే రావాలి. అంత సెలవు ఏ కంపెనీ ఇస్తుంది? టికెట్ డబ్బులు ఎవరిస్తారు? ఆ ఎన్నికల్లో దేశం మొత్తం మీద ప్రవాస ఓటర్లు దాదాపు 1.19 లక్షల మంది నమోదైతే, వచ్చి వేసింది 3 వేల లోపే. అందులోనూ అత్యధికులు కేరళవాళ్లు.

ఫ్రాన్స్ తన ప్రవాసులకు దిగువ సభలో 11 సీట్లు ఇచ్చింది. ఇటలీలో ఇప్పుడు రెండు సభలు కలిపి 12 ఉన్నాయి. మనకూ గల్ఫ్‌కు ఒకటి, అమెరికాకు ఒకటి పెట్టాలని నా అభిప్రాయం. మీరేమంటారు?

దేవరకొండ మాస్టారు:
ఓటు వేయడం సులువు చేయాలి, అందులో రెండో మాట లేదు. వేరే సీటు మాత్రం వద్దంటాను.

మన జిల్లాలో జరిగిందే చెప్తాను. ఫ్లోరైడ్ నీళ్లు తాగి మర్రిగూడ, మునుగోడు వైపు పిల్లల ఎముకలు వంకర్లు పోతుంటే ఎవరూ పట్టించుకోలేదు. దానికి నిరసనగా 1996లో నల్లగొండ లోక్‌సభకు 480 మంది పోటీలో నిలబడ్డారు. బ్యాలెట్ పేపరు పుస్తకమంత అయింది, పోలింగ్ వాయిదా వేయాల్సి వచ్చింది. అప్పుడు దేశమంతా మన నీళ్ల గురించి మాట్లాడింది. అది సాధ్యమైంది ఎందుకు? అందరూ ఒకే నేల మీద ఉండి, అవే నీళ్లు తాగుతున్నవాళ్లు కాబట్టి. రియాద్‌లో కూలీకి, దోహాలో ఇంజనీరుకు, మస్కట్‌లో వ్యాపారికి అట్లాంటి ఉమ్మడి కష్టం ఏది? గల్ఫ్ సీటు పెడితే లేబర్ క్యాంపు మనిషి గెలవడు, అన్ని దేశాలూ తిరిగి ఖర్చు పెట్టగలిగినవాడే గెలుస్తాడు.

ఇంకొకటి. 2006లో ఇటలీలో ప్రవాసుల ఓట్లతో గెలిచిన సెనేటర్ల వల్లనే ప్రధాని అయిన ప్రోడీకి ఎగువ సభ సెనేట్‌లో మెజారిటీ దక్కింది. ఆ ప్రభుత్వం వేసే పన్నులు కట్టేది మాత్రం లోపల ఉన్నవాళ్లు.

మక్తల్ యువకుడు:
మాస్టారూ, ఉమ్మడి కష్టం లేదంటే నేనొప్పుకోను. నెలల తరబడి జీతం ఆగడం, యజమాని పాస్‌పోర్టు దాచుకోవడం, చనిపోతే శవం ఊరికి చేరడానికి వారాలు పట్టడం. పాలమూరోడైనా బీహారోడైనా గల్ఫ్ కూలీలందరివీ ఇవే బాధలు. మేం ఎంపీకి ఉత్తరం రాస్తే ఆయన విదేశాంగ శాఖకు ఇంకో ఉత్తరం రాస్తాడు, అంతే. పదిహేను లక్షల పైచిలుకు ఓట్లున్న నియోజకవర్గంలో మావాళ్ల ఓట్లెన్ని? గెలుపోటములు మా మీద ఆధారపడనప్పుడు మా గురించి సభలో లేచి నిలబడేదెవరు?

మిర్యాలగూడ – డల్లాస్:
ముందు ఒకటి స్పష్టం చేసుకుందాం. ఇక్కడ అమెరికా పౌరసత్వం తీసుకున్నవాళ్లకు, భారత సంతతివాళ్లకు ఇచ్చే ఓసీఐ కార్డు ఉన్నా ఓటు లేదు. గ్రీన్ కార్డు దాకా ఉన్నవాళ్లకే ఉంది. నేను హెచ్1బీ ఉద్యోగ వీసా మీద ఉన్నాను, నాకు అమెరికా సీటు అక్కర్లేదు. నాన్న పొలం సాగర్ ఎడమ కాలువ కింద ఉంది, నేను నిలదీయాల్సింది మిర్యాలగూడ నాయకుణ్ని.

నాకు బాధ కలిగించేది వేరే ఉంది. ఎంబసీలో పనిచేసే మన అధికారికి బ్యాలెట్ ఆన్‌లైన్‌లో వస్తుంది, ప్రింట్ తీసి, గుర్తు పెట్టి పోస్టులో పంపుతాడు. అదే దేశంలో ఉన్న కూలీకి ఆ వీలు లేదు. మన తరఫున ఇంకొకరు ఓటు వేసేలా తెచ్చిన బిల్లు 2018లో లోక్‌సభ దాటింది, రాజ్యసభ దాటకుండానే రద్దయింది. ఈ ఆన్‌లైన్ బ్యాలెట్‌ను ప్రవాసులకూ ఇవ్వొచ్చని 2020లో ఎన్నికల సంఘమే కేంద్రానికి రాసింది. దాని మీద కదా మనం ఒత్తిడి పెట్టాల్సింది!

నారాయణపేట ఆశా కార్యకర్త:
అందరూ సముద్రం అవతల ఉన్నవాళ్ల గురించే మాట్లాడుతున్నారు. మా తండాల నుంచి ముంబై, పుణె పోయిన పాలమూరు లేబర్ సంగతేంటి? దేశంలోనే ఉన్నారు, వాళ్లకూ ఓటు పోతోంది. పోలింగ్ రోజు పని మానుకొని వస్తే కూలి పోతుంది, అడ్వాన్స్ ఇచ్చిన మేస్త్రీ ఊరుకోడు. 2023 జనవరిలో ఎన్నికల సంఘం ఒక యంత్రం చూపిస్తామని పార్టీలను పిలిచింది. 72 నియోజకవర్గాల ఓట్లు ఒకే చోట నుంచి వేయొచ్చన్నారు. ప్రతిపక్షాలు అనుమానాలు లేవనెత్తాయి, అది అక్కడే ఆగింది. విమానం టికెట్ కొనగలిగినవాళ్లకు సీటు అడిగే ముందు రైల్లో జనరల్ బోగీలో పోయినవాళ్లకు ఓటు అడగండి.

దేవరకొండ మాస్టారు:
అమ్మా, మీ మాటే నాకు అన్నిటికంటే బరువుగా అనిపించింది. డల్లాస్ తమ్ముడికి ఒక ప్రశ్న. పోస్టల్ బ్యాలెట్ ఒకే గదిలో పదిమంది ఉండే క్యాంపుకు వస్తే, సూపర్‌వైజరు ముందు కూర్చొని గుర్తు పెట్టించడా? రహస్యం లేని ఓటు ఓటు కాదు. కూలీలకైతే ఎంబసీలోనే సెలవు రోజున, తెర వెనుక వేయించాలి. పాస్‌పోర్టు యజమాని దగ్గర ఉంటే వేరే గుర్తింపు ఒప్పుకోవాలి.

మక్తల్ యువకుడు:
అది న్యాయం. కానీ గల్ఫ్ అంటే వందల కిలోమీటర్లు, ఒక్క ఎంబసీతో కుదరదు, క్యాంపులకు దగ్గరలో కేంద్రాలు పెట్టాలి. దానికి ఆ దేశాలు ఒప్పుకోవాలి, అంటే మన ప్రభుత్వం అడగాలి. సీటు మాట నేను వదల్లేదు మాస్టారూ. సభలో మా మనిషి ఒకడుంటే ఈ అడగడమైనా జరిగేది.