అవ్వ చేసే పీచ్ కాబ్లర్‌ను మామిడిపండుతో చెయ్యడం ఎట్టా?

స్టోన్‌హౌస్‌పేట_మనవరాలు:
మా అవ్వ నెల్లూరు అమెరికన్ బాప్టిస్టు మిషన్ ఆసుపత్రిలో నర్సుగా చేసింది. అక్కడి దొరసాని దగ్గర నేర్చుకున్న పీచ్ కాబ్లర్ (పీచ్ పండ్లు, మైదా పిండితో ఓవెన్లో చేసే అమెరికా తీపి వంటకం) ఇంట్లో చేసేది. పుస్తకంలో ఇంతే రాసుంది: "వెన్న కరగబెట్టి గిన్నెలో పొయ్యాలి. మైదా సోల, చక్కెర సోల, పుల్ల పెరుగు, సోడా కొంచెం కలిపి దాని మీద పొయ్యాలి. పైన డబ్బా పండు. కలపరాదు. కిందా మూత మీదా నిప్పులు." వేసవిలో ఆ డబ్బా పండుకు, అంటే డబ్బాలో వచ్చే పీచ్ ముక్కలకు బదులు ఉలవపాడు మామిడి వేసేదని అమ్మ చెప్తుంది. నేను ఓటీజీలో (చిన్న కరెంటు ఓవెన్) మామిడితో చేస్తుంటే పైన ఎర్రబడుతోంది గానీ పండు కింద పిండి జావగా ఉండిపోతోంది. ఎవరన్నా చేసుంటే చెప్పండి. ఇది మా ఇంట్లో ఆగిపోవడం నాకు ఇష్టం లేదు.

కావలి_కోడలు:
పిండిలో లోపం లేదక్కా, రసంతోనే వచ్చింది చిక్కు. డబ్బా పీచ్ ముందే పాకంలో ఉడికి ఉంటుంది, ఆ పాకం వంచేసి ముక్కలే వేస్తాం. మామిడి పచ్చి ముక్క కాబట్టి వేడి తగలంగానే నీళ్ళొదులుతుంది. ముక్కల మీద రెండు చెంచాల చక్కెర చల్లి అరగంట జల్లెడలో ఉంచండి. కారిన రసాన్ని సన్న సెగ మీద సగానికి ఇగరబెట్టి, చల్లారాక ముక్కలకే పట్టించండి. ఒక చెంచా కార్న్‌ఫ్లోర్ కూడా వెయ్యొచ్చు, అయితే పండు మధ్యలో బుడగలు వచ్చేదాకా ఉంచితేనే అది చిక్కబడుతుంది. అంచులు చూసి తీసేస్తే చల్లారినా పల్చగానే ఉంటుంది.

"కలపరాదు" అన్న మాట మాత్రం వదలొద్దు. కింద వెన్న, దాని మీద పిండి, పైన పండు. ఉడికేటప్పుడు పిండి పండు చుట్టూ పైకి పొంగి, అంచులు వెన్నలో వేగి కరకరలాడతాయి. కలిపేస్తే అది ఉత్త కేకు.

ఉలవపాడు_తోట:
బంగినపల్లే వేసుకోండమ్మా. పీచు ఉండదు, ముక్క నిలబడుతుంది. చెరుకు రసాలు జుర్రుకోవడానికే బాగుంటాయి, ఓవెన్లో పెడితే గుజ్జయిపోతాయి. బాగా మెత్తబడిన పండు వద్దు, వేలితో నొక్కితే కొంచెం లొంగేది చాలు. పసుపు రంగు చూసి కొనొద్దు. కార్బైడుతో మగ్గబెట్టడం నిషేధం, అయినా కొందరు ఆపడం లేదు. ఆ కాయ పైన పసుపుగా మెరుస్తుంది, లోపల రుచే ఉండదు. పక్వానికొచ్చిన కాయలు తెచ్చుకుని ఎండుగడ్డిలో మీరే మగ్గేసుకోండి.

ఒంగోలు_టీచరమ్మ:
ఆ సోల గిన్నె ఇంకా ఇంట్లో ఉంటే దాంతోనే కొలువమ్మా. పాత సోలలు ఊరికో తీరుగా ఉండేవి, అందరి లెక్కా ఒకటి కాదు. మైదా దాంతో కొలిచి ఒకసారి తూకం వేసి రాసిపెట్టుకో. 125 గ్రాముల మైదాకు అర టీ స్పూను సోడా, ఒక కప్పు చిలికిన పుల్ల పెరుగు సరిపోతాయి. ప్యాకెట్ పెరుగు కమ్మగా ఉంటే సోడా సరిగా పొంగదు, చేదు మిగులుతుంది. ముందు రోజే బయట పెట్టి పులియనివ్వు. సోడా పడ్డాక పిండి ఆగకూడదు, ఓవెన్ ముందే వేడెక్కి ఉండాలి.

నిప్పుల మీద చేసేటప్పుడు అడుగు మాడకుండా కింద తక్కువ, మూత మీద ఎక్కువ పెట్టేవాళ్ళం. నీ ఓటీజీలో కిందా పైనా రాడ్లు రెండూ వేసి, నడిమి అరలో 180 డిగ్రీల దగ్గర పెట్టు. ముప్పావుగంట పట్టొచ్చు. పైన ముందే ఎర్రబడితే రేకు కాగితం కప్పు, అంతేగానీ బయటికి తియ్యొద్దు.

గూడూరు_నిమ్మ:
చక్కెర కూడా తగ్గించండి. మామిడికి సోలకు సోల వేస్తే మొహం మొత్తుతుంది, ముప్పాతిక చాలు. ముక్కల మీద ఒక నిమ్మచెక్క పిండితే ఆ తీపి విరుగుతుంది.

కందుకూరు_వంటిల్లు:
నేను ఒప్పుకోను. పండు, చక్కెర, కొలతలు అన్నీ మారిస్తే అవ్వ వంటలో మిగిలేదేంటి? ముందు డబ్బా పీచ్‌తో పుస్తకంలో ఉన్నట్టే ఒకసారి చేసి ఆ రుచి నాలుకకు ఎక్కించుకోండి. తర్వాత ఒక్కోటీ మార్చండి.

స్టోన్‌హౌస్‌పేట_మనవరాలు:
అందరికీ వందనాలు. రసం ఇగరబెట్టి, పుల్ల పెరుగుతో చేశాను. అడుగు చక్కగా ఉడికింది. అమ్మ తిని "అంచు ఇట్టాగే ఉండేది" అంది, నాకు అదే చాలు. కందుకూరు అక్క మాట కూడా నిజమే, డబ్బా పీచ్ తెప్పిస్తున్నా. ఇంకొకటి అడగాలి. క్రిస్మస్‌కు చెయ్యాలంటే మామిడి ఉండదు కదా?

కావలి_కోడలు:
మే నెలలోనే ముక్కలు కోసి డీప్ ఫ్రీజర్లో పెట్టుకోండి. కరిగాక ఇంకా ఎక్కువ నీళ్ళొస్తాయి, అవన్నీ ఇగరాల్సిందే. లేదా జామ వేసుకోండి, చలికాలంలో బాగా వస్తుంది. దోరగా ఉన్న కాయల్లో గింజ తీసేసి, చక్కెర, నిమ్మరసం, రెండు లవంగాలతో ముందే మెత్తగా ఉడికించుకోండి. పచ్చిగా వేస్తే ముప్పావుగంటకు ఉడకదు.