కొరాపుట్–సాలూరు–గోపాల్‌పూర్ రైడ్: ఘాట్‌లో ఎవరు ముందు?

పర్లాకిమిడి_350:
28వ తారీకున కొరాపుట్‌లో తెల్లారగట్ల బయల్దేరి సునాబెడ, సిమిలిగుడ, పొట్టంగి మీదుగా ఘాట్ దిగుతాం. సాలూరు, విజయనగరం దాటి హైవే 16 ఎక్కి, ఇచ్ఛాపురం, బరంపురం మీదుగా రాత్రికి గోపాల్‌పూర్. మూడున్నర వందల కిలోమీటర్లు దాటుతుంది. నాలుగు 350 సీసీ బండ్లు, రెండు 150లు, నాలుగు 100లు. 350లు ముందు, 100లు వెనక. అభ్యంతరాలుంటే ఇప్పుడే చెప్పండి.

జయపురం_గేర్:
అభ్యంతరం ఉంది. దారి తెలిసినవాడు ముందు, అతని వెనకే 100లు, తర్వాత 150లు, 350లు. పానాలు, ట్యూబు ఉన్నవాడు ఆఖర్న. ముందువాడు మలుపులో బ్రేకు నొక్కి మళ్ళీ లాగుతాడు, ఆ తేడా వెనక్కి వెళ్ళేకొద్దీ పెరుగుతుంది. ఆఖరి బండి అందుకోవాలంటే మలుపుల్లోనే పరిగెత్తాలి. ఆ పని 100కి అప్పజెబుతారా? ఇంకోటి, అటొకటి ఇటొకటిగా నడిచే జంట వరస హైవేకే. మలుపుల్లో ఒకే వరస. సందు లేనిచోట దిగే బండి ఆగి, ఎక్కేదానికి దారివ్వాలి, చట్టం కూడా అదే.

బరంపురం_హండ్రెడ్:
నన్నెక్కడ పెట్టినా ఒకటే. దిగుడులో న్యూట్రల్ వేసి ఒగ్గేస్తాను. పెట్రోలు మిగులుద్ది.

జయపురం_గేర్:
అయ్యా బాబూ! ఫ్యూయల్ ఇంజెక్షన్ (పెట్రోలుని సెన్సార్ల లెక్కతో చిమ్మే) బండి అయితే గేర్లో ఉంచి యాక్సిలరేటర్ వదిలేస్తే పెట్రోలు సరఫరా ఆగిపోతుంది, చక్రమే ఇంజన్ని తిప్పుతుంది. న్యూట్రల్ వేస్తేనే ఐడిలింగ్‌కి పెట్రోలు కాలుతుంది. మీరు మిగిల్చేదేమీ లేదు.

బరంపురం_హండ్రెడ్:
నాది పాత కార్బురేటర్ బండి గురువుగారూ. ఇప్పుడేటంటారు?

జయపురం_గేర్:
సరే, కార్బురేటర్‌కి ఆ లెక్క కుదరదు, గేర్లో ఉన్నా కొంత పీలుస్తుంది. కానీ మీకు వెనక డ్రమ్ బ్రేకే కదా. న్యూట్రల్‌లో బరువంతా బ్రేకుల మీదే. లోపల రాసుకునే లైనర్లు వేడెక్కితే పట్టు పోతుంది. ముందు మాడు వాసన, తర్వాత ఎంత తొక్కినా బండి జారుతూనే ఉంటుంది. అప్పుడు ఆపి చల్లారనివ్వాలి, నీళ్ళు పొయ్యకూడదు. డిస్కు ఉన్నోళ్ళూ నవ్వక్కర్లేదు. డాట్ 4 రకం బ్రేక్ ఫ్లూయిడ్ కొత్తదైతే 230 డిగ్రీల దాకా మరగదు, తేమ పీల్చిందంటే 155కే మరగొచ్చు. బుడగలు పుడితే బ్రేకు లివరు హ్యాండిల్ దాకా వచ్చేస్తుంది. రెండేళ్ళు దాటితే మార్పించండి. రెండో గేరు, మూడో గేరు, బ్రేకు నొక్కి వదిలి నొక్కి. అంతే.

రాయగడ_చిన్నోడు:
సాలూరు లారీ డ్రైవర్లనడగండి. ఏ గేర్లో ఎక్కుతారో ఆ గేర్లోనే దిగమంటారు.

గుణుపురం_చైన్:
ఘాట్ ఎంతసేపు? సాయంత్రమంతా ఉప్పుగాలి. గోపాల్‌పూర్ చేరగానే మంచినీళ్ళతో బండి కడగాలి, ప్రెషర్ గన్ చక్రాల బేరింగుల మీద పెట్టొద్దు. చైను ఆరాక 90 నంబరు గేర్ ఆయిల్ పూసి, మిగులు గుడ్డతో తుడిచెయ్యాలి, లేకపోతే ఇసుక పట్టేస్తుంది. చైను సడలింపు చాలా 100లకి 25–30 మి.మీ. ఉండాలి. ఇసుకలో సైడ్ స్టాండ్ కింద పలకరాయి. దీని గురించి ఒక్కరూ ఎత్తరేం?

బరంపురం_హండ్రెడ్:
కార్బురేటర్‌కి మిగులుద్దని ఒప్పుకున్నారు కదా, అది చాలు నాకు.

పర్లాకిమిడి_350:
ఆ మిగిలే చుక్కల కోసం ఇంత గోలా? మీ 100ల మూలంగా మొత్తం గ్రూపు లేటు. విజయనగరం నుంచి మీరు విడిగా రండి, గోపాల్‌పూర్‌లో కలుద్దాం.

బరంపురం_హండ్రెడ్:
అద్గదీ, ఇప్పుడు బయటపడ్డారు. ఒక్కరోజులో అని ఎవర్ని అడిగి పెట్టారు? మీకు 90లో పోతే సరిపోద్ది. వెనక మనిషిని ఎక్కించుకున్న 100ని 60 దాటించకూడదు. చీకట్లో లారీల మధ్యన ఇచ్ఛాపురం దాటాలి మేము. కిందటిసారీ ఇంతే, మేం ధాబాకి చేరేసరికి మీరు చేతులు కడిగేసుకున్నారు.

పర్లాకిమిడి_350:
రెండ్రోజులు వద్దన్నానా? రూమ్ డబ్బులు మావల్ల కాదన్నది మీ వాళ్ళే.

బరంపురం_హండ్రెడ్:
28వ తారీకున రూమ్‌కి డబ్బెవరి దగ్గరుంటుందండీ? జీతాలు పడ్డాక పెట్టమని మొదట్నుంచీ మొత్తుకుంటున్నాం. లేకపోతే పెట్రోలు చుక్కలు లెక్కెట్టుకోడానికి నాకేం సరదా?

జయపురం_గేర్:
ఆ మాట ముందే అనొచ్చుగా! ఏడో తారీకు దాటాక వచ్చే శనివారం పెట్టండి. రాత్రి శ్రీకాకుళంలో ఆగితే 100లకీ తేలిక, తెల్లారి తీరం దారంతా వెలుతురులోనే.

పర్లాకిమిడి_350:
నాకు ఆ వారం సెలవు దొరకదు. మీలో ఎవరైనా ముందు నడిపిస్తే వెళ్ళిరండి.

రాయగడ_చిన్నోడు:
ఎవరు నడిపినా సరే, పంక్చర్ సామాను ఎవరు తెస్తున్నారు? ప్లగ్ కిట్ ట్యూబ్‌లెస్‌కే. స్పోకు చక్రాలకి 18 అంగుళాల ట్యూబు, రెండు టైరు లివర్లు, ఇరుసు నట్టుకి సరిపోయే పానా కావాలి. పంపు నా దగ్గరుంది.