చైల్డ్ కేర్ లీవు మగవాళ్లకి లేదంటున్నారు, ఏం చెయ్యాలి?

నమస్కారమండీ. మాది కడప. బెంగళూరులో ఒక కేంద్ర ప్రభుత్వ ఆఫీసులో యూడీసీని (అప్పర్ డివిజన్ క్లర్కుని), పే లెవెల్ 4. రెండేళ్ల క్రితం నా భార్య చనిపోయింది. పాప మూడో తరగతి. పొద్దున్నే దానికి రెండు జడలు వెయ్యడానికే నాకు అరగంట పడుతుంది, కింద స్కూలు వ్యాన్ హారన్ మోగుతూనే ఉంటుంది.

వచ్చే నెల పాపకి టాన్సిల్స్ ఆపరేషన్. 20 రోజులు చైల్డ్ కేర్ లీవు (పిల్లల్ని చూసుకోడానికి ఇచ్చే జీతంతో కూడిన సెలవు) పెడితే అప్లికేషన్ వెనక్కొచ్చింది. పాత ఫారంలో 'మహిళా ఉద్యోగి' అన్న మాటకి పెన్సిల్‌తో సున్నా చుట్టి పంపారు. అడిగితే "అది లేడీస్‌కే సార్" అని నవ్వారు. కేంద్ర ఉద్యోగుల సెలవు రూల్స్‌కి 2018 డిసెంబరులో చేసిన సవరణతో పెళ్లికాని, భార్య పోయిన, విడాకులైన మగ ఉద్యోగులకీ ఇచ్చారు కదా! మొత్తం 730 రోజులు, మొదటి 365కి పూర్తి జీతం, తర్వాత 365కి 80 శాతం. ఒంటరి మహిళకి ఏడాదికి ఆరు విడతలు, నాకు మూడే. సరే, ఆ గొడవ ఇప్పుడొద్దు.

పెళ్లికి ముందు ఆడ ఆఫీసర్లు పర్మిషన్ తీసుకోవాలన్న విదేశాంగ సర్వీసు రూలు మీద, ఆ సర్వీసులోనే ఉన్న కొడగు ముత్తమ్మగారు సుప్రీంకోర్టుకెళ్లారు, తీర్పు 1979లో. అప్పుడు పెళ్లయితే అడ్డం, ఇప్పుడు పెళ్లాం లేకపోయినా అడ్డమే.

మళ్లీ అప్లై చేస్తే డెత్ సర్టిఫికెట్ జత చేస్తే చాలా? ఇవ్వం అన్నది కాగితం మీద ఎలా రాయించుకోవాలి? ఇంకొకటి, మా అమ్మ మళ్లీ పెళ్లి చేసుకోమని ఒకటే పోరు. చేసుకుంటే మిగిలిన లీవు పోతుందా? ఇలా తీసుకున్నవాళ్లు ఎవరైనా ఉంటే చెప్పండి, ప్లీజ్.