పరమాణువు కంటే చిన్న కణాల దగ్గర గురుత్వాకర్షణ ఎలా ఉంటుంది?

ప్రశ్న:
హైడ్రోజన్ పరమాణువులో ఎలక్ట్రాన్, ప్రోటాన్‌ల మధ్య ఉండే గురుత్వాకర్షణ, వాటి మధ్య విద్యుదాకర్షణ కంటే 2 పక్కన 39 సున్నాలు పెట్టినన్ని రెట్లు బలహీనమని చదివాను. ఇంత బలహీనమైన బలం ఒక్క కణం మీద పనిచేయడాన్ని ఎవరైనా కొలిచారా, లేక పెద్ద వస్తువులకు వర్తించే నియమమే వీటికీ వర్తిస్తుందని అనుకుంటున్నామా?

జవాబు 1:
కొలిచారండి. విద్యుదావేశం లేని న్యూట్రాన్ ఇందుకు అనువైనది. 1975లో అమెరికాలో కొలెల్లా, ఓవర్‌హౌసర్, వెర్నర్ న్యూట్రాన్ తరంగాన్ని (ఇంత చిన్న కణాలు తరంగాల్లా కూడా ప్రవర్తిస్తాయి) సిలికాన్ స్ఫటికంతో రెండు దారులుగా చీల్చి, ఒకదాన్ని కాస్త ఎత్తులో నడిపి, తిరిగి కలిపినప్పుడు ఆ ఎత్తు తేడాకు భూమి ఆకర్షణ వల్ల తరంగ దశ, అంటే దాని ఎత్తుపల్లాల వరుస, మారడాన్ని చూపించారు. నాకు అంతకంటే అపురూపంగా తోచేది 2002లో ఫ్రాన్స్‌లోని గ్రెనోబుల్‌లో వెలువడిన ఫలితం. అక్కడ సెకనుకు కొన్ని మీటర్ల వేగంతో కదిలే న్యూట్రాన్లను నున్నటి అద్దం మీదుగా పంపి, పైన వాటిని పీల్చుకునే పలకను మెల్లగా దించుతూ పోయారు. సందు సుమారు 15 మైక్రాన్ల కంటే తగ్గగానే న్యూట్రాన్లు దాదాపుగా ఆగిపోయాయి. అంటే భూమి ఆకర్షణలో న్యూట్రాన్‌కు ఏ ఎత్తు పడితే ఆ ఎత్తు కుదరదు. పరమాణువులో ఎలక్ట్రాన్‌కు ఉన్నట్టే దానికీ నిర్ణీత శక్తి స్థాయిలున్నాయి.

జవాబు 2:
పై జవాబు సరైనదే. అయితే ఆ రెండు ప్రయోగాల్లోనూ లాగుతున్నది భూమి. కణం తానే ఎలా లాగుతుందన్నదే అసలు చిక్కు, ఎందుకంటే ఒక కణం ఒకేసారి రెండు చోట్ల ఉన్న స్థితిలో (సూక్ష్మ కణాల నియమాలు, అంటే క్వాంటమ్ నియమాలు, దీన్ని అనుమతిస్తాయి) దాని గురుత్వ క్షేత్రం ఎటు నుంచి మొదలవుతుందో సాధారణ సాపేక్షతా సిద్ధాంతం చెప్పలేదు. 2021లో వియన్నాలో సుమారు 90 మిల్లీగ్రాముల బంగారు గోళం ఆకర్షణను కొలవడమే గొప్ప విజయమైంది. సౌగతో బోస్ బృందం, విడిగా మార్లెట్టో, వెడ్రాల్ 2017లో ఒక దారి సూచించారు: రెండు సూక్ష్మ వజ్రాలను ఒక్కొక్కటీ రెండేసి చోట్ల ఉండే స్థితిలో పక్కపక్కన ఉంచి, గురుత్వం తప్ప వేరే ఏ బలమూ లేకుండా వాటి మధ్య ఎంటాంగిల్‌మెంట్ (ఒకదాని స్థితిని రెండోదాని నుంచి విడదీసి చెప్పలేని క్వాంటమ్ ముడి) ఏర్పడితే, గురుత్వం కూడా క్వాంటమ్ స్వభావం కలదేనని వారి వాదన.

ప్రశ్న అడిగినవారు:
ఇద్దరికీ ధన్యవాదాలు. ఆ ప్రయోగానికి అడ్డంకి ఏమిటండి?

జవాబు 2:
బరువేనండి. 2019లో వియన్నాలో రెండు దారుల్లో నడిపించిన అణువు భారం 25,000 డాల్టన్లకు (ఒక డాల్టన్ సుమారుగా ఒక హైడ్రోజన్ పరమాణువు భారం) పైబడినదే, కానీ బోస్ బృందం ప్రతిపాదించిన వజ్రం గ్రాములో పదివేల కోట్లవ వంతు ఉన్నా, ఆ అణువుకు కోట్ల రెట్లు బరువు. అంత బరువున్న దాన్ని ఒక్క గాలి అణువు తాకినా రెండు చోట్ల ఉండే స్థితి చెదిరిపోతుంది.